విశాఖలో పెంచిన నారును ఏజెన్సీ చలికి ఎలా అలవాటు చేయాలి

కార్తీక మాసం వెళ్ళిందంటే ఒకే ప్రశ్న పదిమంది నోటి నుంచి వింటాను. "విశాఖలో మిద్దె మీద నారు చక్కగా పెంచాం. పాడేరు దగ్గర అత్తగారి పొలంలో నాటాం. వారం తిరిగేసరికి ఆకులు నల్లబడి రాలిపోయాయి. విత్తనం మంచిది కాదా? ఏదైనా తెగులా?" పంపిన ఫొటోలు చూస్తే చాలాసార్లు విత్తనంలో లోపమూ కనిపించదు, తెగులు ఆనవాలూ కనిపించదు. ఆ మొక్కలు అంతకుముందు చలి ఎరగవు.

నాకూ ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. కొన్నేళ్ళ కిందట డిసెంబరు నడుమ మూడు ట్రేల టమాటా నారు, ఒక ట్రే క్యాబేజీ నారు కారులో పెట్టుకుని పాడేరు దగ్గర మా బంధువుల పొలానికి వెళ్ళాను. మధ్యాహ్నం దించి సాయంత్రానికి నాటేశాం. నీళ్ళు కూడా బాగా పోశాం. మర్నాడు ఆరున్నరకు వెళ్ళి చూస్తే టమాటా ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా ఉన్నాయి. ముదురు పచ్చగా, తడితడిగా, వేళ్ళ మధ్య పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా. ఎండెక్కి పది గంటలయ్యేసరికి ఆ మచ్చలన్నీ గోధుమరంగుకు తిరిగి కాగితంలా ఎండిపోయాయి. పక్క సాలులోని క్యాబేజీ ఆకుల మీద అదే మంచు ఉప్పు పొడి చల్లినట్టు మెరిసి, కరిగి, జారిపోయింది. ఆకుకు ఏమీ కాలేదు. ఆ రోజు పెరికి పారేసిన టమాటా మొక్కలు 200 పైనే.

విశాఖలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 17, 18 డిగ్రీల కంటే పెద్దగా దిగదు. సముద్రం పక్కన ఉండటం వల్ల వచ్చిన వెచ్చదనం అది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు సుమారు 850 నుంచి 1000 మీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడ చలికాలం రాత్రుళ్ళు ఒంటి అంకెకు పడిపోవడం మామూలు. లంబసింగి చుట్టుపక్కల ఒక్కో ఏడాది సున్నా దగ్గరికి కూడా వస్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. మూడు నాలుగు గంటల ప్రయాణంలో మొక్కను ఒక వాతావరణం నుంచి ఇంకో వాతావరణంలోకి తోసేస్తున్నాం.

లోపల జరిగేదేమిటి

దీన్ని ఒక్క పేరాలో ముగిస్తాను. చలికి నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. మొక్కలో ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొర కొవ్వుతోనే తయారవుతుంది. వెచ్చటి చోట పెరిగిన మొక్క పొరలో నెయ్యిలాంటి కొవ్వు పాలు ఎక్కువ. హఠాత్తుగా చలి పడితే అది బిగుసుకుపోయి, పొర పట్టుతప్పి, లోపలి నీరూ లవణాలూ బయటికి కారిపోతాయి. చలి కొంచెం కొంచెంగా తగిలితే మొక్క ఆ కొవ్వును నూనెలాంటి రకానికి మార్చుకుంటుంది. దాంతోపాటు చక్కెరలు, ప్రోలీన్ వంటి పదార్థాలు పోగుచేసుకుంటుంది. చక్కెర కలిసిన నీరు తేలిగ్గా గడ్డకట్టదు. చలిలో పెరిగిన క్యారెట్, క్యాబేజీ తియ్యగా ఉండేది అందుకే. ఈ మార్పుకు రోజులు పడతాయి. చక్కెర తయారవ్వాలి కాబట్టి వెలుతురు కావాలి. తగిలే చలి మొక్కను చంపేంతగా ఉండకూడదు. వారం పట్టి నేర్చుకున్నది కొద్ది రోజులు వెచ్చదనం తగిలితే చాలు, పోతుంది.

కాబట్టి అడిగిన ప్రతివాళ్ళకూ నేను చెప్పేది ఇది. విశాఖలో సగం పనే అవుతుంది. నీరు తగ్గించడం, ఎండకూ గాలికీ పెట్టడం ఇక్కడ చేసుకోవచ్చు. చలి మాత్రం ఇక్కడ దొరకదు. మిగతా సగం కొండ మీద, నాటబోయే పొలం గట్టునే, నారు ట్రేల్లో ఉండగానే చేయాలి. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగం ఎగరగొట్టినవాళ్ళవే.

ఏ పంట ఎంత నేర్చుకుంటుంది

పని మొదలుపెట్టేముందు మీ నారు ఏ గుంపులోదో చూసుకోండి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠాణీ, ముల్లంగి, క్యారెట్, పాలకూర, ఉల్లి చలిని బాగా నేర్చుకుంటాయి. అలవాటు పడ్డాక ఆకు మీద పలుచగా మంచు పేరుకున్నా కోలుకుంటాయి.

టమాటా, మిరప, వంకాయ కొంతే నేర్చుకుంటాయి. 10, 12 డిగ్రీల కంటే దిగితే ఇబ్బంది పడే మొక్కలివి. అలవాటు చేస్తే ఆ ఇబ్బందిని తట్టుకుని, ఎదుగుదల నెమ్మదించినా బతికి ఉంటాయి. నీరు గడ్డకట్టే చలిని మాత్రం ఎంత అలవాటు చేసినా తట్టుకోలేవు. చలి తగిలిన పావుగంటలోనే మొక్కలో మేల్కొనే కొన్ని జన్యువులున్నాయని ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పరిశోధనల్లో తేలింది. వాటిని సీబీఎఫ్ జన్యువులంటారు. టమాటాలో కూడా అవి ఉన్నాయి. అయితే అవి పిలిస్తే పలికే జన్యువులు టమాటాలో చాలా తక్కువ. అందువల్ల టమాటాకు అలవాటుతోపాటు రాత్రి కప్పు కూడా ఉండాల్సిందే.

దోస, సొర, బీర, కాకరలను డిసెంబరులో కొండ మీద పెట్టకండి. అలవాటు చేసే ప్రయాస కూడా వద్దు. ఫిబ్రవరిలో రాత్రుళ్ళు వెచ్చబడ్డాక పెట్టుకోండి.

రాజ్మా గురించి ఒక అపోహ ఉంది. చింతపల్లి రాజ్మా అని పేరు పడటం వల్ల అది చలికి ఎదురు నిలిచే పంట అనుకుంటారు. చల్లటి వాతావరణం దానికి ఇష్టమే, కానీ అది చిక్కుడు జాతి. మంచు గడ్డకట్టే రాత్రి దాని ఆకు కూడా టమాటా ఆకులాగే నల్లబడుతుంది.

కావలసినవి

- ప్రోట్రేల్లో, అంటే గుంతలున్న ప్లాస్టిక్ ట్రేల్లో పెంచిన నారు. 98 గుంతల ట్రేలు సరిపోతాయి. మడిలో పెంచి పెరికిన నారు వేళ్ళు తెగి ఉంటుంది కాబట్టి చలిలో ఆలస్యంగా కుదురుకుంటుంది.
- కనిష్ఠ ఉష్ణోగ్రతను గుర్తుపెట్టుకునే థర్మామీటరు. దీనికి బదులు ఇంకొకటి పనికిరాదు.
- 50 శాతం షేడ్ నెట్ ముక్క.
- వెదురు బద్దలు, పాత నూలు చీరలు లేదా దుప్పట్లు. గోనెసంచులైనా సరే.
- సన్న చిల్లుల పూల క్యాను.
- నాటడానికి కావలసిన దానికంటే కనీసం పదో వంతు ఎక్కువ నారు. ఎందుకో చివర్లో చెబుతాను.

దశలవారీగా

1. నాటే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారుకు 25 నుంచి 30 రోజులు, మిరపకు 35 నుంచి 40 రోజులు పడుతుంది. కొండ మీద ట్రేల్లో ఉంచే వారం రోజులు కూడా ఇందులోనే లెక్క. టమాటా, మిరపలను నవంబరు నెల దాటకముందే నాటమంటాను నేను. డిసెంబరు చలి ముదిరేలోపు వేరు పట్టేస్తుంది. ఆ అదను తప్పితే తొందరపడి డిసెంబరు చివర్లో పెట్టేకంటే ఫిబ్రవరి దాకా ఆగడం మంచిది. క్యాబేజీ, బఠాణీలకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

2. నాటడానికి 14 రోజుల ముందు నత్రజని ఇచ్చే ఎరువులు ఆపండి. యూరియా నీళ్ళు, నీటిలో కరిగే 19:19:19 ఎరువు పిచికారీ, జీవామృతం ఏదైనా సరే ఆపేయండి. పొడుగ్గా, మెత్తగా, నిగనిగలాడుతూ ఉన్న నారు కంటికి ముచ్చటగా ఉంటుంది. చలికి మొదట ఒరిగేది అదే. ఈ రెండు వారాల్లో ఎదుగుదల తగ్గినా కంగారు పడకండి, తగ్గాలి.

3. నాటడానికి 12 రోజుల ముందు నుంచి షేడ్ నెట్ తీయడం మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు ఉదయం తొమ్మిది దాకా. తర్వాతి రెండు రోజులు పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత. ఐదో రోజు నుంచి పూర్తిగా. మొదటిరోజే నడి ఎండలో పెడితే ఆకు మీద తెల్లటి మచ్చలు వస్తాయి. బీచ్ వైపు ఇళ్ళవాళ్ళకు ఒక జాగ్రత్త. ఉప్పు గాలి నేరుగా కొడితే ఆకు అంచులు మాడతాయి. ట్రేలను పిట్టగోడ చాటున పెట్టండి. గాలి అసలు తగలకుండా మాత్రం చేయకండి, గాలికి ఊగితేనే కాండం గట్టిపడుతుంది. గాలి ఆడని చోట ఉన్నవాళ్ళు అరచేతిని నారు కొసల మీదుగా దువ్వినట్టు రోజుకు రెండుసార్లు, సారికి పదిసార్లు నిమరండి. మొక్కలు పొట్టిగా, దృఢంగా తయారవుతాయి.

4. నాటడానికి 10 రోజుల ముందు నుంచి నీరు తగ్గించండి. మానేయమని కాదు. రోజుకు రెండుసార్లు పోసేవాళ్ళు ఒకసారికి తగ్గించండి, అది కూడా ఉదయమే. ఆ తర్వాత మొక్కను చూసి పోయండి. మధ్యాహ్నం మూడు గంటలకు చివరి ఆకులు కాస్త వాలి, సాయంత్రానికి తమంతట తాము లేస్తే సరిగ్గా ఉన్నట్టు. సాయంత్రానికీ లేవకపోతే అతి చేశారు, వెంటనే నీళ్ళు పోయండి. ట్రేను చేత్తో ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. నాలుగు రోజులకు బరువును బట్టే తడి ఎంత ఉందో తెలిసిపోతుంది. ట్రేల్లోని కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ నీటిని సరిగ్గా పీల్చుకోదు కాబట్టి అంతదాకా రానివ్వకండి.

5. నాటడానికి 7 రోజుల ముందు కొండ ఎక్కించండి. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ఉండగానే చేరుకోండి. మూత లేని ఆటోలో, ట్రక్కు వెనక ట్రేలు పెట్టి ఘాట్ రోడ్డు ఎక్కితే మూడు గంటల ఎదురుగాలికి ఆకులు ఎండిపోతాయి. కారు డిక్కీ గానీ, చుట్టూ గోనె కట్టిన అట్టపెట్టెలు గానీ వాడండి. బస్సులో తీసుకెళ్ళేవాళ్ళు ట్రేలను కిటికీ పక్కన పెట్టకండి. బయలుదేరే ముందురోజు ఉదయం నీళ్ళు పోయండి, బయలుదేరేటప్పుడు వద్దు.

6. కొండ మీద ఆ వారం ఇలా గడపండి. ఈ దశ దగ్గర ఓపిక పట్టండి.

మొదటి రెండు రోజులు పగలంతా ఆరుబయట, రాత్రి ఇంటి అరుగు మీద చూరు కింద ఉంచండి. ఇంటి లోపల వద్దు. పొయ్యి వెచ్చదనం తగిలితే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

మూడు, నాలుగు రోజుల్లో రాత్రి కూడా ఆరుబయటే, వెదురు బద్దల మీద కప్పిన చీర కింద ఉంచండి. థర్మామీటరును ట్రే పక్కన, ఆకు ఎత్తులో పెట్టండి. ఉదయం లేవగానే కనిష్ఠం ఎంతకు దిగిందో చూసి రాసుకోండి.

ఐదో రోజు నుంచి క్యాబేజీ, కాలీఫ్లవర్ ట్రేలకు కప్పు తీసేయవచ్చు. 4, 5 డిగ్రీలకు దిగినా వాటికి నష్టం లేదు. టమాటా, మిరప, వంకాయ ట్రేల దగ్గర కనిష్ఠం 10 డిగ్రీల పైన ఉంటేనే కప్పు తీయండి. 10 కంటే తగ్గేలా ఉంటే కప్పండి. 5 దాకా దిగేలా ఉంటే ట్రేలను అరుగు మీదికి తెచ్చేయండి.

ఒక సూక్ష్మం ఉంది. రాత్రంతా చల్లబడి ఉన్న టమాటా, మిరప ఆకు మీద తెల్లారగానే గట్టి ఎండ పడితే చలికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. చల్లబడిన ఆకు ఆ వెలుగును వాడుకోలేదు, అది ఆకునే కాలుస్తుంది. బాగా చలేసిన రాత్రి తర్వాత గంట, గంటన్నర షేడ్ నెట్ వేసి, ఆకు వెచ్చబడ్డాక తీయండి.

7. నాటే చోటును ఎంచుకోండి. ఆ ఏడాది నా టమాటాలు పోయాక పక్క పొలంలో పనిచేసుకుంటున్న పెద్దావిడ వచ్చి చూసి, "పల్లంలో ఎందుకు పెట్టావు బాబూ? చలి నీళ్ళలాంటిది, పల్లానికే దిగుతుంది" అంది. ఆ మాట అక్షరాలా నిజం. చల్లగాలి బరువైనది. గాలి కదలని రాత్రి కొండవాలు వెంట జారి లోయ అడుగున మడుగు కడుతుంది. పది అడుగుల ఎత్తున ఉన్న గట్టు మీద బతికిన మొక్క గట్టు కింద చచ్చిపోవచ్చు. టమాటా, మిరపలను వాలు మధ్యలో, వీలైతే దక్షిణానికి తిరిగిన చోట పెట్టండి. పల్లాన్ని క్యాబేజీకి, బఠాణీకి వదిలేయండి. పొలం దిగువ గట్టున దట్టమైన కంచె ఉంటే అందులో ఒక సందు తీయండి, లేకపోతే అది చల్లగాలికి ఆనకట్టలా అడ్డుపడుతుంది.

8. నాటండి. మైదానంలో సాయంత్రం నాటడం అలవాటు. కొండ మీద చలికాలం దాన్ని మార్చుకోండి. మంచు ఆరాక, తొమ్మిది నుంచి పదకొండు లోపు నాటితే చీకటి పడేలోగా వేరు వెచ్చటి మట్టిలో ఒక పూట గడుపుతుంది. ఎత్తు మళ్ళు చేసుకుంటే మట్టి తొందరగా వెచ్చబడుతుంది. బాగా చల్లగా ఉన్న నీళ్ళు కాకుండా, కాసేపు ఎండలో ఉంచిన నీళ్ళు పోయండి.

9. మొదటి పది రాత్రులు కాపలా కాయండి. ఆకాశం నిర్మలంగా ఉండి, చుక్కలు కడిగినట్టు కనిపిస్తూ, ఆకు కదలకపోతే ఆ రాత్రికి చలి ఖాయం. ఆ రోజు మధ్యాహ్నమే నేల తడపండి. తడి నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. సూర్యుడు కొండ చాటుకు వెళ్ళేముందే కప్పండి. చీకటి పడ్డాక కప్పితే దాచడానికి వేడి మిగిలి ఉండదు. కప్పు అంచులు నేలను తాకాలి, ఆకును తాకకూడదు. పాలిథీన్ షీటైతే ఇది మరీ ముఖ్యం, తాకిన చోటల్లా ఆకు మాడుతుంది. ఉదయం ఎండ తగిలి కొంత వెచ్చబడ్డాక తీసేయండి. టమాటా మీద ఎండ గట్టిగా ఉంటే ఆరో దశలోలా షేడ్ నెట్ వేయండి.

వరి నారుమడి గురించి అడిగేవాళ్ళకు

కొండ దిగువన దాళ్వాకు, అంటే రెండో వరి పంటకు నారు పోసినవాళ్ళకు పద్ధతి వేరు. సాయంత్రం మడిలో నీళ్ళు పెట్టి, ఉదయం ఆ చల్లటి నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పెట్టండి. చలి ఎక్కువైతే రాత్రి వెదురు బద్దల మీద పాలిథీన్ షీటు కప్పి పొద్దున్నే తీయండి. నారు పసుపుబారితే చలితోపాటు జింకు లోపం కూడా ఉండవచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఫోనులో చూపించే ఉష్ణోగ్రతను నమ్మడం. అది నేలకు నిలువెత్తున, నీడలో తీసిన లెక్క. అది కూడా ఎక్కడో మైళ్ళ దూరంలో తీసింది. గాలి లేని నిర్మలమైన రాత్రి నేల దగ్గర, ఆకు మీద అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఫోనులో 4 చూపించిన తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉండటం అందుకే. థర్మామీటరుకు బదులు లేదన్నది కూడా అందుకే.

తడి నేలలో వడలిన మొక్కకు ఇంకా నీళ్ళు పోయడం. ఇది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ప్రేమతోనే చేస్తారు. చల్లబడిన వేరు పక్కనే నీరున్నా పీల్చలేదు. పైన ఎండ కాస్తుంది, ఆకు నీటిని వదులుతూనే ఉంటుంది, మొక్క వడలుతుంది. అప్పుడు నీళ్ళు పోస్తే నేల ఇంకా చల్లబడి వేరు కుళ్ళుతుంది. ముందు వేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించి చూడండి. తడి తగిలితే నీళ్ళు ఆపి, కాసేపు నీడ కట్టండి.

ఆకు అడుగున ఊదారంగు చూసి భాస్వరం కోసం డీఏపీ ఎరువు వేయడం. చల్లటి నేలలో టమాటా వేరు భాస్వరాన్ని సరిగ్గా తీసుకోలేదు, అందుకే ఆ రంగు. మట్టిలో భాస్వరం ఉన్నా ఇలాగే జరుగుతుంది. రాత్రుళ్ళు వెచ్చబడ్డాక కొత్త ఆకులు మామూలు రంగులో వస్తాయి. సంచి కొనకండి.

మేఘాలు కమ్మిన రోజుల్లో ఏమరుపాటు. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే మూడు నాలుగు రోజులు మబ్బు పట్టి కొండ మీద కూడా రాత్రుళ్ళు వెచ్చగా ఉంటాయి. చలి తగ్గిందని కప్పులు మడిచి లోపల పెట్టేస్తారు. ఈలోగా మొక్క కూడా నేర్చుకున్నది కొంత వదిలేస్తుంది. మబ్బు విడిచి ఆకాశం తేటబడ్డ మొదటి రాత్రే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఆ రాత్రి క్యాబేజీని కూడా కప్పమంటాను.

మంచు పడే రోజుల్లో గడ్డి పరచడం. వేసవిలో మేలు చేసే గడ్డి ఇక్కడ నేలలోని వేడిని పైకి రానివ్వక మొక్క కొసను చలికి వదిలేస్తుంది. ఆ కొద్ది వారాలు గడ్డిని సాలు పక్కకు నెట్టి, మొక్క చుట్టూ నల్లటి తడి మట్టి కనిపించేలా ఉంచండి.

పొగ పెట్టడం. పెద్దలు చేసేవారని చాలామంది చేస్తారు. పొగ నేల వదిలే వేడిని పెద్దగా ఆపలేదు. మంట ఇచ్చే కాస్త వేడి పైకి వెళ్ళిపోతుంది. ఆ గడ్డిని పశువులకు వేసి, పొలానికి నాలుగు పాత చీరలు తెచ్చుకోండి.

అలవాటు పేరుతో అతి చేయడం. వారం, పది రోజుల పనిని మూడు వారాలు సాగదీస్తే కాలీఫ్లవర్ నారు ముదిరిపోయి, నాటాక గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. కాండం పెన్సిలు కంటే లావైన క్యాబేజీ నారుకు వారాల తరబడి చలి తగిలితే గడ్డ కట్టకుండా పూత కాడ తీసే ప్రమాదం ఉంది. ముదురు ఉల్లి నారుతోనూ అంతే.

సరిగ్గా అలవాటు పడిందో లేదో చూసుకోవడం

నాటడానికి ముందురోజు ట్రే నుంచి నాలుగు మొక్కలు తీసి చూడండి. కాండాన్ని మెల్లగా వంచి వదిలితే వెంటనే లేచి నిలబడాలి. ఆకు మునుపటి కంటే కాస్త చిన్నగా, మందంగా, రంగు ముదిరి ఉండాలి. క్యాబేజీ ఆకు మీద బూడిదలాంటి మైనపు పొర వేలికి తగలాలి, కాడ దగ్గర లేత ఊదారంగు కనిపించాలి. ట్రే నుంచి తీసిన మట్టిముద్ద చుట్టూ వేళ్ళు తెల్లగా ఉండాలి. గోధుమరంగులో ఉంటే నీరు తగ్గించడంలో అతి జరిగినట్టు.

కంటితో చూసి నమ్మకం కుదరనివాళ్ళకు ఇంకో పరీక్ష ఉంది. విశాఖ నుంచి వచ్చేటప్పుడే ఒక పది మొక్కలను వేరుగా పెట్టి, వాటిని ఆ వారమంతా రాత్రుళ్ళు ఇంట్లోనే ఉంచండి. ఆరో రోజు రాత్రి వాటిని, అలవాటు చేసిన ఇంకో పదింటిని పక్కపక్కన కప్పు లేకుండా పొలంలో పెట్టండి. ఉదయం ఆరు గంటలకు టార్చిలైటు వేసి ఆకు అడుగు చూడండి. నూనె మరకలాంటి తడి మచ్చలు ఇంట్లో పెరిగినవాటి మీద ఉండి, అలవాటు చేసినవాటి మీద లేకపోతే మీ వారం వృథా కాలేదు. రెండింటి మీదా ఉంటే ఆ చలి ఆ పంట తట్టుకోగలిగిన దాన్ని మించిపోయింది. నాటడం ఆపండి, లేదా కప్పు లేకుండా ఒక్క రాత్రి కూడా వదలకండి. రెండింటి మీదా లేకపోతే ఆ రాత్రి చలి చాలలేదు, మర్నాడు మళ్ళీ చూడండి.

దెబ్బ తగిలాక

ఆకులు నల్లబడగానే మొక్కను పెరకకండి, మాడిన ఆకులు కోయకండి. ఆ ఎండిన ఆకులే తర్వాతి రాత్రి కింది మొగ్గలకు కప్పులా పనికొస్తాయి. నాలుగైదు రోజులు ఆగి కొస మొగ్గను చూడండి. పచ్చగా, గట్టిగా ఉంటే కోలుకుంటుంది. కొస పోయినా కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చదనం కనిపిస్తే ఆకు కణుపుల నుంచి కొత్త చిగుళ్ళు వస్తాయి. కాండం మట్టి దాకా గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఆశ వదులుకోవచ్చు. కోలుకుంటున్న మొక్కకు కొత్త ఆకులు రెండు పూర్తిగా విచ్చుకునేదాకా ఎరువు వేయకండి.

కావలసిన దానికంటే పదో వంతు ఎక్కువ నారు పెంచమన్నది ఈ ఖాళీల కోసమే. మిగిలిన ట్రేను నాటిన రోజే విశాఖకు వెనక్కి తెచ్చుకోకండి. తెస్తే అది మళ్ళీ వెచ్చదనానికి అలవాటు పడిపోతుంది. అదే పొలం గట్టున, అవే చీరల కింద, ఇంకో పది రోజులు అక్కడే ఉంచండి.